పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గేవారు పండ్లు ఎలా తినాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నం, చపాతీ, ఇడ్లీ, దోసె తగ్గించి బరువు తగ్గాలనుకున్నవారికి మొదటి వారంలోనే పండ్ల దగ్గర సందేహం మొదలవుతుంది. ఒకరు పండును అసలు ముట్టుకోవద్దంటారు, మరొకరు పండ్లు ఎన్ని తిన్నా ఏమీ కాదంటారు. ఈ రెండు మాటలూ సరైనవి కావు. ఒకే రకమైన సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నందున వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందనే పూర్తిగా ఉంటుంది కనుక, మీకు అవసరమైనచోట నుంచి చదువుకోవచ్చు. వేరే విధంగా చెప్పనిచోట అంకెలు తొక్క, గింజ తీసేసిన 100 గ్రాముల పండుకు సుమారుగా చెప్పినవి. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అవి కొంత మారుతాయి.

## మొదలుపెట్టే ముందు

రాత్రిపూట అన్నం మానేసి పండ్లే తింటున్నాను. అయినా బరువు ఎందుకు తగ్గడం లేదు?

మీ పళ్ళెంలో ఉన్నవాటిని ఒకసారి లెక్కవేసి చూడండి. మధ్యరకం యాపిల్ ఒకటి అంటే 25 గ్రాముల పిండిపదార్థం. పెద్ద అరటిపండు ఒకటి 27 గ్రాములు, సగం దానిమ్మ గింజలు 16 గ్రాములు, గుప్పెడు ద్రాక్ష 100 గ్రాములు తూగితే 18 గ్రాములు. మొత్తం 86 గ్రాములైంది. వండిన అన్నం 300 గ్రాములు తింటే వచ్చే పిండిపదార్థం కూడా దాదాపు ఇంతే. అంటే అన్నం మానలేదు, అన్నానికి బదులు అంతే పిండిపదార్థాన్ని తీపి రూపంలో తిన్నారు. పైగా అన్నంతోపాటు పప్పు, పెరుగు, కూర తినేవారు. పండ్ల పళ్ళెంలో మాంసకృత్తులు దాదాపు లేవు. అందుకే పదకొండు గంటలకు మళ్ళీ ఆకలి వేస్తుంది, అప్పుడు చేయి బిస్కెట్ డబ్బా మీదకు పోతుంది. రాత్రి భోజనంలో పనీరు, గుడ్డు, చేప, పప్పు, పెరుగు వంటివి ప్రధానంగా ఉండాలి. పండు వాటి పక్కన ఒక చిన్న గిన్నెడు మాత్రమే ఉండాలి.

పండులో ఉండేది సహజమైన చక్కెర కదా, దాన్ని కూడా లెక్కలో వేయాలా?

వేయాలి. పండులోని చక్కెరలు గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజు. మన వంటింటి డబ్బాలోని పంచదార కూడా సుక్రోజే. పేగుల్లోకి చేరాక శరీరం వీటిని ఎక్కడినుంచి వచ్చాయని అడగదు. అయితే మొత్తం పండు తిన్నప్పుడు ఆ చక్కెర పీచులో, నీటిలో, పండు కణాల గోడల మధ్య బంధించబడి ఉంటుంది. నమలాలి, కడుపు నిండుతుంది, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అందువల్ల 15 గ్రాముల చక్కెర జామపండుగా లోపలికి వెళ్ళినప్పుడు, 15 గ్రాముల చక్కెర టీలో కలిసి వెళ్ళినప్పుడు ఫలితం ఒకటిగా ఉండదు. లెక్కలో మాత్రం రెండింటినీ వేసుకోవలసిందే.

నా డైట్‌లో పండుకు చోటుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరు రోజుకు ఎన్ని గ్రాముల పిండిపదార్థంతో సరిపెట్టుకుంటున్నారన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. సాధారణంగా రోజుకు 130 గ్రాములకు లోపుంటే లో-కార్బ్ అని, 20 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటే కీటో అని వ్యవహరిస్తారు. రోజుకు 100 నుంచి 130 గ్రాములు తినేవారు రెండు చిన్న పండ్లు హాయిగా తినవచ్చు. 50 నుంచి 100 గ్రాముల మధ్య ఉన్నవారికి రోజుకు ఒక పండు, అంటే 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. 20 గ్రాముల కట్టుబాటులో ఉన్నవారికి కూరగాయలు, గింజలు, పెరుగులోనే ఆ 20 గ్రాములు అయిపోతాయి కనుక నిమ్మ, ఉసిరి, టమాటా, అవకాడో వంటివి తప్ప తీపి పండుకు చోటు మిగలదు. 

ఏ స్థాయిలో ఉన్నా నేను గట్టిగా పట్టుకునే నియమం ఒకటే: పండును అన్నానికో, రొట్టెకో బదులుగా తినాలి, వాటితోపాటు అదనంగా తినకూడదు.

నెట్ కార్బ్స్ అంటే ఏమిటి? మొత్తం లెక్కపెట్టాలా, నెట్ లెక్కపెట్టాలా?

మొత్తం పిండిపదార్థంలోనుంచి పీచును తీసివేస్తే మిగిలేదాన్ని నెట్ కార్బ్స్ అంటారు. పీచును మన జీర్ణరసాలు చక్కెరగా మార్చలేవు కనుక దాన్ని విడిచిపెడతారు. జామలో మొత్తం 14 గ్రాములు, పీచు 5 గ్రాములు, కాబట్టి నెట్ 9 గ్రాములు. ద్రాక్షలో మొత్తం 18 గ్రాములుండగా పీచు ఒక్క గ్రామే, కాబట్టి నెట్ 17 గ్రాములు. పండ్లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు ఈ పద్ధతి చాలా ఉపయోగపడుతుంది. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా మధ్యలో మార్చవద్దు. ఇక పట్టికలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో పీచును పిండిపదార్థం నుంచి విడిగానే చూపించారు. అందులోని అంకెలోంచి పీచును మళ్ళీ తీసివేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది.

పండ్లు పూర్తిగా మానేస్తే విటమిన్లు తక్కువైపోవా?

కొన్ని వారాలపాటు పండ్లు లేకున్నా, కూరగాయలు బాగా తినేవారికి లోటు రాదు. విటమిన్ సి కాప్సికం, మునగాకు, కాలీఫ్లవర్, క్యాబేజీ, కొత్తిమీరల్లో ఉంటుంది. వేడికి కొంత నశిస్తుంది కనుక కొంత భాగం పచ్చిగా తినడం, కూర దించాక నిమ్మరసం పిండుకోవడం మంచిది. అయితే జీవితాంతం పండ్లు లేకుండా ఉండవలసిన అవసరం ఎవరికీ లేదని నా అభిప్రాయం. రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 400 గ్రాముల్లో ఎక్కువ వాటా కూరగాయలకు, తక్కువ వాటా పండ్లకు ఇస్తే మీ కట్టుబాటూ నిలుస్తుంది, ఆ సలహా కూడా నెరవేరుతుంది.

## మొదటి రెండు వారాలు

కీటో మొదలుపెట్టాను. నిమ్మకాయ తప్ప ఏ పండూ ముట్టుకోకూడదా?

తెలుగు రాష్ట్రాల్లో 2017, 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి బరువు తగ్గే ఆహార పద్ధతికి విస్తృత ప్రచారం వచ్చినప్పటినుంచి, కొవ్వు, నీళ్ళు, మల్టీవిటమిన్లతోపాటు రోజుకు మూడు నిమ్మకాయలు అన్నమాట ఇంటింటా స్థిరపడిపోయింది. నిమ్మకాయ మంచిదే. అయితే దాన్ని సున్నాగా లెక్కవేయడం పొరపాటు. ఒక కాయ రసంలో 2 నుంచి 3 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక మూడు కాయలకు 6 నుంచి 9 గ్రాములవుతుంది. 20 గ్రాముల కట్టుబాటులో అది చిన్న అంకె కాదు. 

నిమ్మ కాక, ఒక ఉసిరికాయ, సలాడ్‌లో ఒక టమాటా, దొరికితే పావు అవకాడో ఈ దశలో తీసుకోవచ్చు. అవకాడోలో మొత్తం 8.5 గ్రాములుంటే అందులో 6.7 గ్రాములు పీచే. ముదురు కొబ్బరి ముక్క కూడా పనికొస్తుంది: 15 గ్రాముల్లో 9 గ్రాములు పీచు. కాకపోతే 100 గ్రాముల కొబ్బరిలో 350 క్యాలరీలు ఉంటాయి కనుక రెండు చిన్న ముక్కల దగ్గర ఆపాలి.

తలనొప్పి, నీరసంగా ఉంది. పండ్లు మానేయడం వల్లేనా?

సాధారణంగా కాదు. పిండిపదార్థం తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది, దానితో మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఎక్కువగా బయటకు పంపుతాయి. మొదటి వారపు తలనొప్పి, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం ఎక్కువగా ఈ కారణంగానే వస్తాయి. పలుచని మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం వేసుకుని రోజుకు రెండు మూడుసార్లు తాగితే చాలామందికి రెండు రోజుల్లో తేటపడుతుంది. రక్తపోటుకు మందు వాడేవారు మాత్రం ఉప్పు పెంచే ముందు డాక్టరును అడగాలి, ఎందుకంటే వారికి మందు మోతాదే తగ్గించవలసి రావచ్చు.

కొబ్బరి బొండం నీళ్ళు తాగవచ్చా?

ఒక బొండంలో 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్ళుంటే, అందులో సుమారు 10 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కీటోలో ఉన్నవారికి అది రోజు కోటాలో సగం. రోజుకు 80, 100 గ్రాములు తినేవారు ఎండలో తిరిగి వచ్చిన రోజున నిశ్చింతగా తాగవచ్చు, కాకపోతే ఆ పూటకు అదే పండు అనుకోవాలి. లోపలి లేత కొబ్బరి పారవేయకండి. నీళ్ళకంటే అదే ఎక్కువసేపు ఆకలి ఆపుతుంది.

ఒక్క మామిడిపండు తిన్నాను. మర్నాడు కిలో బరువు పెరిగాను. అంత హాని చేస్తుందా?

చేయదు. ఒక పెద్ద పండులో 290 గ్రాముల గుజ్జు ఉందనుకుందాం. అందులో సుమారు 175 క్యాలరీలు, 43 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. ఒక కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి 7,700 క్యాలరీల దాకా తినాలి. కాబట్టి ఆ పెరిగినది కొవ్వు కాదు. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు 3 గ్రాముల నీరు నిలుస్తుంది. ఆ లెక్కన మామిడిపండు చక్కెరంతా దాచినా 170 గ్రాములకు మించదు. మిగిలినది పేగుల్లో ఇంకా ఉన్న ఆహారం, ఆ రోజు భోజనంలోని అన్నం, ఆవకాయ ఉప్పు పట్టి ఉంచిన నీరు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంతోషించిన బరువులో కూడా ఎక్కువ భాగం ఇలా పోయిన నీరే. మామూలు కట్టుబాటుకు తిరిగి వెళ్ళితే మూడు నాలుగు రోజుల్లో ముల్లు పాత చోటికి వస్తుంది. తిన్నందుకు శిక్షగా మర్నాడు పస్తు ఉండకండి.

## ఏ పండు ఎంత

మామిడిపళ్ళ సీజన్ వచ్చింది. ఈ రెండు నెలలు ఎలా?

ఈ ప్రశ్న ప్రతి ఏప్రిల్‌లో వస్తుంది, దానిని తేలికగా కొట్టిపారేయడం నాకు ఇష్టముండదు. వేసవంతా మామిడిపండు ముట్టనని ఒట్టుపెట్టుకున్నవారిలో చాలామంది మే నెలలో ఆ ఒట్టుతోపాటు డైట్‌ను కూడా వదిలేస్తారు. 

మామిడి గుజ్జులో 100 గ్రాములకు 15 గ్రాముల పిండిపదార్థం, ఒకటిన్నర గ్రాముల పీచు ఉంటాయి. అసలు చిక్కు పండు పరిమాణంలో ఉంది. మా ఇంట్లో వంటింటి త్రాసు మీద పెట్టిన ఒక బంగినపల్లి పండు 430 గ్రాములు తూగింది. తొక్క తీసి, టెంక చుట్టూ గుజ్జంతా గీసి గిన్నెలో వేస్తే 290 గ్రాములు వచ్చింది. "ఒకే ఒక్క పండు" అని మనం అనుకునేది నిజానికి 100 గ్రాముల వాటాలు దాదాపు మూడింటికి సమానం అన్నమాట. చిన్నరసాలు ఒక్కొక్కటి చిన్నవే అయినా, పిసికి జుర్రుకునేటప్పుడు నమలడం ఉండదు, లెక్క తెలియదు, రెండో పండు దానంతటదే చేతికి వస్తుంది. 

మన ఇళ్ళలో మామిడిపండు తినే తీరు కూడా చూడాలి. భోజనం చివర పెరుగన్నంలో నంజుకుంటాం. ఒక గిన్నెడు అన్నం 150 గ్రాములకు 42 గ్రాములు, దానిలో సగం బంగినపల్లికి 22 గ్రాములు కలిపితే 64 గ్రాములు అక్కడే అవుతాయి. నేను సూచించే మార్పు చాలా చిన్నది: ఆ పూట పెరుగన్నంలో అన్నం తీసేయండి. గడ్డపెరుగులో 100 గ్రాముల బంగినపల్లి ముక్కలు వేసుకుని, కావాలంటే నాలుగు జీడిపప్పులో, బాదములో కలుపుకుని తినండి. పెరుగుతో కలిపి 20 గ్రాములకు కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. రసాల జాతి పండైతే రసం గిన్నెలోకి పిండి, తూచి, చెంచాతో తినండి. పండు కోసిన వెంటనే ఇంట్లోవారందరికీ పంచి, మీ వాటా గిన్నెలో పెట్టుకుని టెంక మరొకరికి ఇచ్చేయడం కూడా పనిచేస్తుంది. 

రోజుకు 60 గ్రాముల పైన పిండిపదార్థం తినేవారు ఇలా సీజనంతా రోజు విడిచి రోజు తినవచ్చు. కఠినమైన కీటోలో ఉన్నవారు వారానికి ఒక రోజు ఎంచుకుని, ఆ రోజు కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు ఒంట్లో తయారయ్యే పదార్థాలు) తగ్గుతాయని ముందే ఒప్పుకుని తినడం మేలు.

జామపండు మంచిదంటారు, ఎందుకు?

మన ఊళ్ళలో చౌకగా దొరికే పండ్లలో ఈ డైట్‌కు జామను మించింది లేదని నా గట్టి నమ్మకం. ఒక మధ్యరకం కాయ 100 నుంచి 150 గ్రాములు ఉంటుంది. 100 గ్రాములకు పీచు 5 గ్రాములు, విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కమలాపండులో విటమిన్ సి 50 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. దోరకాయ అయితే నమలడానికి సమయం పడుతుంది, తీపి తక్కువ. బస్టాండుల్లో నాలుగు చీలికలు చేసి ఉప్పుకారం చల్లి ఇచ్చే జామకాయ, ప్రయాణంలో సమోసాకు బదులు తినదగిన వస్తువు. గింజలు నమలలేనివారు గింజల భాగం తీసి తినవచ్చు.

అరటిపండు అసలు తినకూడదా?

పెద్ద అరటిపండు ఒకటి 27 గ్రాములు. రోజుకు 50 గ్రాముల లోపు తినేవారికి అది సరిపడదు. అంతకంటే ఎక్కువ వెసులుబాటు ఉన్నవారు చిన్న పండ్లను ఎంచుకోవాలి. వేలెడంత చక్కెరకేళిలో గుజ్జు 50, 60 గ్రాములే ఉంటే 12, 13 గ్రాములతో ముగుస్తుంది. దోరగా ఉన్నప్పుడు అరటిపండులోని పిండిలో కొంత భాగం చిన్నపేగుల్లో జీర్ణం కాకుండా పీచులా ముందుకు సాగుతుంది. తొక్క మీద నల్లమచ్చలు వచ్చేసరికి ఆ పిండి చాలావరకు చక్కెరగా మారిపోతుంది. కాబట్టి దోరపండే మేలు.

పుచ్చకాయ గ్లైసీమిక్ ఇండెక్స్ ఎక్కువ అంటారు. మరి నీళ్ళే కదా అందులో?

రెండు మాటలూ నిజమే. గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. ఆ పరీక్షలో సాధారణంగా 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత ఆహారం పెట్టి రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో కొలుస్తారు. పుచ్చకాయలో 100 గ్రాములకు 7.5 గ్రాములే ఉంటుంది కనుక 50 గ్రాములు రావాలంటే 650 గ్రాములకు పైగా తినాలి. మామూలుగా తినే 150 గ్రాముల ముక్కలతో 11 గ్రాములే వస్తాయి. అందువల్ల కొలిచి తింటే పుచ్చకాయ ఇబ్బంది పెట్టదు. రోడ్డు పక్కన పెద్ద పళ్ళెంలో ఇచ్చే ముక్కలు సగం కిలో ఉంటే మాత్రం 35 గ్రాములు దాటుతాయి. కర్బూజా కూడా ఇలాంటిదే, 100 గ్రాములకు 8 గ్రాములు. చక్కెర చల్లుకోకుండా తినాలి.

సీతాఫలం, సపోటా, పనస, ద్రాక్ష?

నాలుగూ తీపి ఎక్కువ ఉన్నవే. సీతాఫలం, పనస తొనలు 100 గ్రాములకు 23 గ్రాముల వరకు, సపోటా 20, ద్రాక్ష 18 ఉంటాయి. సీతాఫలానికి, సపోటాకు నాలుగైదు గ్రాముల పీచుంది కనుక అవి కొంత నయం. సీతాఫలంలో తొక్క, గింజలు చాలా భాగం పోతాయి కాబట్టి చిన్న కాయలో సగం తింటే మించిపోదు. ద్రాక్షను గుత్తి పక్కన పెట్టుకుని కూర్చోవద్దు. పది పన్నెండు పండ్లు కడిగి గిన్నెలో వేసుకుని, మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టి రండి.

నేరేడుపండు షుగర్ తగ్గిస్తుందని విన్నాను. ఎంతైనా తినవచ్చా?

తినకూడదు. నేరేడులోనూ 100 గ్రాములకు 14 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంది. గింజల పొడి మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం జంతువుల మీద చేసినవి. వాటిని నమ్మి మందు మానేయడం ప్రమాదం. వగరు వల్ల సాధారణంగా పది పన్నెండు పండ్లతో తృప్తి కలుగుతుంది, జూన్, జూలై నెలల్లో ఆ కాసిని రోజూ తినడంలో తప్పులేదు.

పచ్చి మామిడికాయ, అరటికాయ కూరగాయలే కదా, లెక్క అవసరమా?

మామిడికాయను పప్పులోనో, పచ్చడిలోనో వేసుకున్నప్పుడు మనిషికి వచ్చే వాటా చిన్నది కనుక పట్టించుకోనక్కరలేదు. బెల్లం వేసిన మాగాయ, ఉగాది పచ్చడి మాత్రం బెల్లం లెక్కలోకి వస్తాయి. అరటికాయ సంగతి వేరు. పండులో చక్కెరగా ఉండేదే కాయలో పిండిగా ఉంటుంది, మొత్తం దాదాపు సమానం. అరటికాయ వేపుడును బంగాళాదుంప వేపుడు వరసలో పెట్టాలి.

బత్తాయి రసం ఇంట్లోనే, చక్కెర లేకుండా తీస్తాం. అయినా వద్దా?

వద్దనే చెబుతాను. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు బత్తాయిలు పడతాయి. 250 మిల్లీలీటర్లలో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పీచు వడపోతలో పోతుంది, గ్లాసు రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అవే బత్తాయిలను తొనలుగా తింటే ఒకటిన్నర దగ్గర ఆగిపోతాం. అమెరికాలో లక్షమందికి పైగా ఆరోగ్య సిబ్బందిని ఏళ్ళ తరబడి గమనించి హార్వర్డ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, యాపిల్, ద్రాక్ష వంటి కొన్ని మొత్తం పండ్లు ఎక్కువగా తిన్నవారిలో మధుమేహం తక్కువగా, పండ్ల రసాలు ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగా కనిపించింది. ఇక పెట్టెల్లో వచ్చే రసాల విషయానికి వస్తే, గాఢరసానికి నీళ్ళు కలిపి తయారుచేసినవాటి మీద "నూరుశాతం పండ్ల రసం" అన్న మాటను తొలగించాలని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది.

ఖర్జూరాలు, ఎండుద్రాక్ష ఆరోగ్యానికి మంచివే కదా?

మంచివే, కానీ నీరు పోయి చక్కెర చిక్కబడిన పండ్లవి. ఎండుద్రాక్షలో 79 గ్రాములు, ఖర్జూరంలో 75 గ్రాముల వరకు ఉంటుంది. పెద్ద మెడ్జూల్ ఖర్జూరం ఒక్కదానికే 18 గ్రాములు. బరువు తగ్గే రోజుల్లో వీటిని పండుగా కాక మిఠాయిగా చూడండి. రంజాన్‌లో ఉపవాసం విరమించేవారు చిన్న ఖర్జూరం ఒకటి తీసుకుని, ఆ వెంటనే నీళ్ళు, తర్వాత మాంసకృత్తులున్న ఆహారం తీసుకుంటే సరిపోతుంది.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ దొరికేవాటిలో ఏవి నయం?

మీకు బెర్రీలు అందుబాటులో ఉండడం పెద్ద వెసులుబాటు. రాస్ప్‌బెర్రీలో మొత్తం 12 గ్రాములుంటే పీచు ఆరున్నర, బ్లాక్‌బెర్రీలో 10కి పీచు 5, స్ట్రాబెర్రీలో 8కి పీచు 2. గడ్డకట్టించి అమ్మేవి కూడా అంతే మంచివి, చక్కెర కలపలేదని ప్యాకెట్ వెనుక చూసుకుంటే చాలు. బ్లూబెర్రీ 14 గ్రాములు కనుక దాన్ని కాస్త తగ్గించండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే డబ్బా మామిడి గుజ్జులో సాధారణంగా చక్కెర కలిపి ఉంటుంది, దానికి దూరంగా ఉండండి.

## ఎప్పుడు, ఎలా

పండు పరగడుపున తినాలా, భోజనం తర్వాత తినాలా? రాత్రి తినవచ్చా?

భోజనం తర్వాత తింటే పండు కడుపులో కుళ్ళిపోతుందన్న మాటలో నిజం లేదు. జీర్ణాశయంలోని ఆమ్లం అలా జరగనివ్వదు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు ముందు తిని చివర పండు తింటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది కనుక, ఖాళీ కడుపున విడిగా తినడం కంటే భోజనం చివర తినడమే ఈ డైట్‌లో మేలు. తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా మంచిది. రాత్రి తింటే కొవ్వుగా మారుతుందన్న భయం అక్కరలేదు, రోజు మొత్తం ఎంత తిన్నారన్నదే ముఖ్యం.

ఏకాదశి, కార్తీక సోమవారం ఉపవాసాలుంటాను. ఆ రోజు పండ్లే ఆహారం. ఏం చేయాలి?

మీ ఆచారం అనుమతించే మేరకు పాలు, పెరుగు, పల్లీలు, పచ్చికొబ్బరి ఆ రోజుకు ఆధారంగా పెట్టుకుని, జామ, బొప్పాయి వంటివి రెండు విడతలుగా తినండి. బొప్పాయి 100 గ్రాములకు 11 గ్రాములే. సగ్గుబియ్యం కిచిడీ ఉపవాస ఆహారమే అయినా అది దాదాపు పూర్తిగా పిండే కనుక పండ్లకంటే అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గుడిలో ఇచ్చే ప్రసాదపు అరటిపండు ముక్కను, పంచామృతపు చెంచాను కాదనవలసిన పనిలేదు. వాటితో ఎవరి డైట్ చెడిపోదు.

## బరువు ఆగిపోయినప్పుడు, మందులు వాడుతున్నప్పుడు

మూడు వారాలుగా బరువు కదలడం లేదు. పండు మానేయాలా?

ముందు ఒక వారం పండును త్రాసు మీద తూచి రాసుకోండి. ఎక్కువమంది విషయంలో పండు రోజుకు 100 గ్రాములనుకున్నది 250 గ్రాములుగా తేలుతుంది, లేదా పండు నిర్దోషిగా తేలి పల్లీలు, జీడిపప్పు, నెయ్యి దగ్గర లెక్క తప్పినట్టు బయటపడుతుంది. తూచాక కూడా కారణం దొరకకపోతే రెండు వారాలు తీపి పండ్లను ఆపి చూడవచ్చు. పిండిపదార్థం ఒక్కటే బరువును శాసించదని కూడా గుర్తుంచుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో ఏడాదిపాటు జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా చెప్పుకోదగ్గది కాదని పరిశోధకులే తేల్చారు.

షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను. అన్నం, పండ్లు తగ్గించవచ్చా?

డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి కఠినమైన కీటోలో కీటోఅసిడోసిస్, అంటే కీటోన్లు మితిమీరి రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారే స్థితి వచ్చే ముప్పు ఉంది. చెమటలు, వణుకు, మైకం వచ్చి చక్కెర 70 కంటే తగ్గితే అప్పుడు డైట్ లెక్కలు పక్కనపెట్టి, 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో, 150 మిల్లీలీటర్ల పండ్ల రసమో వెంటనే తీసుకుని, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కీటో వంటి కఠినమైన కట్టుబాట్లు పెట్టుకోకూడదు.

కిడ్నీ సమస్య ఉంది. పండ్ల విషయంలో వేరే జాగ్రత్త ఉందా?

ఉంది. మూత్రపిండాల పనితీరు తగ్గినప్పుడు రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదముంటుంది కనుక కొబ్బరినీళ్ళు, అరటి, అవకాడో, ఖర్జూరం, బత్తాయి మీ డాక్టరు చెప్పిన కొలతకు మించకూడదు. స్టార్ ఫ్రూట్‌ను పూర్తిగా మానాలి, అందులోని విషపదార్థాన్ని దెబ్బతిన్న మూత్రపిండాలు బయటకు పంపలేవు.

## అనుకున్న బరువుకు చేరాక

ఇప్పుడు మళ్ళీ అన్ని పండ్లూ తినవచ్చా?

తినవచ్చు, కానీ ఒక్కసారిగా కాదు. వారానికి 10 నుంచి 15 గ్రాముల చొప్పున పిండిపదార్థం పెంచండి, అంటే మొదటి వారం రోజుకు ఒక జామకాయ అదనం, తర్వాతి వారం ఒక చిన్న కమలాపండు అదనం. రోజూ ఉదయం బరువు చూసి వారం సగటు రాసుకోండి, ఒక్క రోజు అంకెను పట్టించుకోకండి. సగటు వరుసగా రెండు వారాలు పెరిగితే వెనుకటి వారం కొలతకు తిరిగి వెళ్ళండి, మీ శరీరానికి అదే హద్దు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు సూచించింది. చాలామందికి ఆ 100 గ్రాములు బరువు పెరగకుండానే ఇముడుతాయి. పెంచేటప్పుడు ముందు పండ్లను, ఆ తర్వాత అన్నాన్ని చేర్చండి. స్వీట్లను అన్నిటికంటే చివర పెట్టుకోండి.